చేపకూ లవంగ నూనే!

పంటినొప్పికి దూదితో లవంగ నూనె అద్దుకోవడం మీకు తెలిసిందే. అందులోని యూజెనాల్ నొప్పి తెలియనివ్వదు. అదే నూనె చేపలకు మత్తుమందు కూడా!

కోస్తా చెరువుల్లో పెరిగే పండుగప్ప చేత గుడ్లు పెట్టించడానికి హేచరీల్లో హార్మోను సూది వేస్తారు. నీటిలోంచి ఎత్తగానే చేప గిలగిల కొట్టుకుంటుంది. పొలుసులు రాలిన చోట రోగక్రిములు చేరతాయి. అందుకే ముందు మత్తు ఇవ్వాలి.

లవంగ నూనె నీటిలో సరిగా కరగదు. కనుక ఆల్కహాలులో కలిపి తొట్టిలో పోస్తారు. లీటరు నీటికి కొన్ని పదుల మిల్లీగ్రాములు చాలు. మందు మొప్పల గుండా రక్తంలోకి, అక్కడినుంచి మెదడుకూ చేరుతుంది. చేప ఒరిగిపోతుంది. పని కాగానే మందు లేని నీటిలో వదిలితే, కొద్ది నిమిషాల్లో తేరుకుని ఈదుతుంది.

మరి మోతాదు మించితే? మొప్పల కదలిక ఆగి చేప చచ్చిపోతుంది. మందుకూ విషానికీ తేడా మోతాదే సుమా!