తడి వత్తి, ఎర్రని తీగ

ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను విప్పి చూస్తే లోపల అసలు పని చేసేవి రెండే: రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున చుట్టిన ఒక తీగ, దాని మధ్యలోంచి దూర్చిన కాస్త దూది. బ్యాటరీ, మీట, గొట్టం అన్నీ ఆ రెండింటి కోసమే. దూది ద్రవాన్ని తీగ దగ్గరికి చేరుస్తుంది, తీగ దాన్ని ఆవిరి చేస్తుంది. ఎంత ఆవిరైపోతుందో అంత ద్రవం వెంటనే వచ్చి చేరాలి. ఆ లెక్క తప్పితే క్షణాల్లో దూది మాడి గొంతు మండుతుంది. ఈ యంత్రం చరిత్రలో ఎక్కువ భాగం ఈ లెక్క సరిచూసుకోవడమే. ఆ పనిలో చాలా మంచి ప్రయోగాలు మామూలు మనుషులు తమ ఇళ్లలో బల్లల మీద చేసుకున్నవని నా నమ్మకం.

పుట్టుక కథ చిన్నదే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం బీవర్ ఫాల్స్‌లో పాత ఇనుము వ్యాపారం చేసిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1965లో అది వచ్చింది. పొగాకును కాల్చకుండా, తడీ రుచీ కలిపిన గాలిని వేడిచేసి పీల్చాలన్నది అతని ఆలోచన. నమూనాలైతే తయారయ్యాయి గానీ ఏ కంపెనీ వాటిని బజారుకు తేలేదు. జేబులో ఇమిడే లిథియం అయాన్ బ్యాటరీ రావడానికి అప్పటికింకా పాతికేళ్లకు పైనే ఉంది. 2003లో చైనాలోని షెన్యాంగ్‌లో ఫార్మసిస్టు హోన్ లిక్ మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు, ఆయన కూడా బాగా సిగరెట్లు కాల్చేవాడు. నికోటిన్ ద్రవాన్ని అతిధ్వని కంపనాలతో తుంపరగా మార్చాలన్నది ఆయన పద్ధతి. తర్వాత వచ్చిన పరికరాలు ఆ దారి వదిలేసి, చవకగా తేలిగ్గా చేయగల వేడి తీగనే పట్టుకున్నాయి.

తీగ వయసు పరికరం వయసు కంటే చాలా ఎక్కువ. తీగలో కరెంటు పారితే పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టీ, తీగ రెసిస్టెన్స్‌ను బట్టీ ఉంటుందని జౌల్ 1841లోనే తేల్చాడు. కానీ ఎర్రగా కాలుతూ తెగిపోకుండా నిలిచే చవక తీగ దొరకడానికి ఇంకా అరవై ఏళ్లు పట్టింది. 1906లో అమెరికన్ లోహశాస్త్రవేత్త ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్‌కు పేటెంటు పొందాడు. రాగితో పోలిస్తే దీని రెసిస్టెన్స్ అరవై రెట్లకు పైనే. ఇస్త్రీపెట్టెలకు, టోస్టర్లకు ప్రాణం పోసింది అదే. స్వీడన్‌లో హాన్స్ వాన్ కాంట్జోవ్ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి కాంతల్ తయారుచేశాడు. 1931లో దాని పేరుతోనే కంపెనీ వెలిసింది. పారిశ్రామిక కొలుముల కోసం పుట్టిన ఈ తీగే ఎనభై ఏళ్ల తర్వాత వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) కాయిళ్లు ఇళ్లలో చుట్టేవాళ్ల చేతికి వచ్చింది.

వాళ్లు చేసే లెక్క హైస్కూలు ఫిజిక్సే. 0.4 మిల్లీమీటర్ల మందం కాంతల్ తీగకు మీటరుకు సుమారు పదకొండున్నర ఓమ్‌లు. 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే, కాళ్లతో కలిపి ఏడున్నర సెంటీమీటర్ల తీగ పడుతుంది. అంటే 0.85 ఓమ్‌ల దగ్గర తేలుతుంది. ఇక్కడో అందమైన విషయం ఉంది. చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటే కరెంటు అడ్డదారి పట్టాలి కదా? కాంతల్‌ను ఒకసారి ఎర్రగా కాల్చగానే దాని మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కంటికి కనిపించనంత పలుచనిదైనా, ఈ పొర కరెంటును పోనివ్వదు. అందుకే కాయిళ్లు చుట్టేవాళ్లు తీగను కొద్దికొద్దిగా వేడిచేస్తూ, పట్టకారుతో నొక్కుతూ, మధ్య నుంచి రెండు చివరలకు సమంగా ఎరుపు పాకేదాకా సరిచేస్తారు. అంచున ఒక చోట ముందు వెలిగితే అక్కడ చుట్టు సరిగా కూర్చోలేదన్నమాట.

వత్తి విషయానికొస్తే శాస్త్రం ఇంకా లోతైనది. తొలి పరికరాల్లో సిలికా తాడు వాడారు. కాలదు, ద్రవాన్ని కూడా మోస్తుంది. కానీ మోసే వేగం తక్కువ, విరిగిన గాజు పీచులు ఊపిరిలోకి వెళ్తాయేమోనన్న భయమూ ఉంది. 2011 ప్రాంతంలో కొందరు స్టీలు వలను చుట్టి వత్తిగా వాడారు. వల లోహం కాబట్టి తీగ తాకగానే షార్టవుతుంది. అందుకే ముందు వలను మంటలో కాల్చి, పైన ఆక్సైడ్ పొర పట్టించుకునేవారు. గంటల తరబడి సహనం కావాల్సిన పని అది.

చివరికి గెలిచింది దూది. పచ్చి పత్తి పోగు మీద మైనం పొర ఉంటుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది. క్షారంతో ఉడికించి ఆ మైనం తీసేస్తే మిగిలేది సెల్యులోజ్. దానికి నీళ్లంటే ఎంత ఇష్టమంటే, సర్జికల్ కాటన్ తన బరువుకు ఇరవై రెట్లకు పైగా పీల్చుకుంటుంది. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్టే ఇక్కడా సన్నని సందుల గుండా ద్రవం తనంతట తానే ఎక్కుతుంది. ఆ ఎక్కే వేగానికి 1918లో రిచర్డ్ లూకాస్, 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ సూత్రం రాసి పెట్టారు. సందు వెడల్పు, ద్రవపు తలతన్యత పెరిగితే వేగం పెరుగుతుంది, ద్రవం చిక్కనైతే తగ్గుతుంది. దూదిని మరీ బిగించి దూర్చకూడదనడం ఇందుకే. సందులు నలిగిపోతే ద్రవం సమయానికి రాదు. మరీ వదులైతే తీగకు ఆనదు, ద్రవం కారిపోతుంది.

ద్రవం సంగతీ అంతే. ప్రొపిలీన్ గ్లైకాల్ పలుచన, 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గ్లిజరిన్ నీటికంటే వెయ్యి రెట్లకు పైగా చిక్కన, 290 దగ్గర మరుగుతుంది. తెల్లని మబ్బులాంటి ఆవిరి ఇచ్చేది గ్లిజరినే. అదృష్టవశాత్తూ వేడి తగిలితే అది త్వరగా పలచబడుతుంది, 60 డిగ్రీలకే పదిహేను రెట్లకు పైగా. అంటే కాలే తీగ తన చుట్టూ దారి తానే సులువు చేసుకుంటుంది.

వత్తి తడిగా ఉన్నంతసేపూ తీగ దగ్గర ఉష్ణోగ్రత ఆ మరుగు స్థానాన్ని పెద్దగా దాటదు, వేడంతా ఆవిరవడానికే ఖర్చవుతుంది. ఎండిందో, వేడికి పోయే చోటు ఉండదు. సెల్యులోజ్ 300 డిగ్రీలకు అటూ ఇటూగా విచ్ఛిన్నమవుతుంది. గ్లిజరిన్ నీరు కోల్పోయి అక్రొలీన్ అవుతుంది, మాడిన నూనెలో ముక్కు పగిలేలా చేసే ఘాటు అదే. ఫార్మాల్డిహైడ్ కూడా పుడుతుంది. 2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్ రూపాలేవీ దొరకలేదు, 5 వోల్టుల దగ్గర దొరికాయి. అంత ఎండిన దమ్మును మనిషి పీల్చలేడని విమర్శకులు వాదించారు. రెండు వాదనలూ కలిపి చదివితే తేలేది ఒకటే: అదే ద్రవం, అదే తీగ, ఎండిన క్షణంలో రసాయనశాస్త్రమే మారిపోతుంది.

2014లో దీనికి తెలివైన పరిష్కారం దొరికింది. శుద్ధ నికెల్ తీగ రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.6 శాతం పెరుగుతుంది, 200 డిగ్రీలు వేడెక్కితే రెట్టింపు దాటుతుంది. పరికరంలోని చిప్ దాన్ని కొలుస్తూ, హద్దు దాటగానే కరెంటు తగ్గిస్తుంది. అంటే వేడి చేసే తీగే థర్మామీటరు. ఎంత వేడెక్కినా కాంతల్ రెసిస్టెన్స్ దాదాపు మారదు కాబట్టి దానితో ఈ పని కాదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

నచ్చనివీ ఉన్నాయి, వాటిని దాచకూడదు. 0.2 ఓమ్‌ల కాయిల్‌కు నిండుగా చార్జయిన 4.2 వోల్టుల సెల్ తగిలిస్తే 21 ఆంపియర్ల కరెంటు పారుతుంది. రక్షణ సర్క్యూట్ లేని పరికరంలో సెల్ తట్టుకోలేకపోతే పేలుతుంది. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేప్ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. అదే ఏడాది జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది వాడే పరికరాలను పరీక్షించారు. సీసాలోని ద్రవంలో ఉన్నదానికంటే తీగను తాకి వచ్చిన ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం చాలా ఎక్కువగా తేలాయి. నికోటిన్ వ్యసనం సరే సరి. సిగరెట్ ముట్టని కుర్రవాడికి ఇది మొదలుపెట్టడానికి ఒక్క కారణమూ లేదు.

మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చి ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నిటినీ నిషేధించాయి. మొదటిసారి అమ్ముతూ పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అమెరికాలో, బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలకు మాత్రం ఇవి వీధి చివర కొట్లో కనిపిస్తాయి. ఒకసారి వాడి పారేసే రకాన్ని బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి నిషేధించింది.

ఇప్పుడు చేత్తో చుట్టేవాళ్లు తగ్గారు. కొట్లో దొరికే రెడీమేడ్ కాయిళ్లలో తీగ స్థానంలో సన్నని చిల్లులున్న లోహపు వల వచ్చింది. ఒకప్పుడు ఇళ్లలో కాల్చి వత్తిగా వాడిన వల ఈసారి వేడిచేసే భాగమైంది. చుట్టూ దూది ఉండే ఈ వల తీగకంటే చాలా ఎక్కువ మేర దూదికి ఆనుతుంది. వేడి అంతటా పరుచుకుంటుంది, ద్రవం చేరేలోపు ఎండిపోయే చోట్లు తక్కువవుతాయి.