పది చేతుల చర్చి

అమెరికాలో కారులో తిరిగేవాళ్లకు ఊరి మొదట్లో ఓ చిన్న రేకు బోర్డు తరచూ కనిపిస్తుంది. తెల్లటి డాలు మీద ఎర్ర సిలువ, ఓ మూల నీలి రంగు. ఎపిస్కోపల్ చర్చి మీకు స్వాగతం పలుకుతోందని దాని మీద రాసి ఉంటుంది. బోర్డు పెట్టడం ఎంతసేపు! ఆ మాట నిజమో కాదో తలుపు దాటి లోపలికి వెళ్లాక, అదీ మూడో వారానికో నాలుగో వారానికో గానీ తెలియదు.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ సంగతి తెలుసుకోవడానికి అనువైన చోటు ఒకటుంది. లా మ్యూరా వీధిలో ఇళ్ల నడుమ ఉన్న ట్రినిటీ ఎపిస్కోపల్ చర్చి అది. ఈ ప్రాంతానికి 1824లో మొదట వచ్చి స్థిరపడినవాడు ఆర్థర్ పవర్ అనే క్వేకర్. నగర హోదా వచ్చింది మాత్రం 1973లోనే. 2020 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 84 వేలు. బాష్ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం, నిస్సాన్ సాంకేతిక కేంద్రం ఇక్కడే ఉన్నాయి. కార్ల కంపెనీల వెంట ఇంజనీర్లు వచ్చారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆదివారం పొద్దున పక్క ఊరు నోవైలోని వేంకటేశ్వరుడి గుడికి వెళ్లే తెలుగు కుటుంబాలు బోలెడు. ఖమ్మం నుంచో, డోర్నకల్ నుంచో వచ్చిన సీఎస్ఐ క్రైస్తవ కుటుంబాలు మాత్రం చర్చి కోసం వెతుక్కుంటాయి. తెలుగు సహవాసం దొరికితే అక్కడికి వెళ్తాయి. దొరకనివాళ్లకు ఈ ఎపిస్కోపల్ చర్చి వరసకు దగ్గరి బంధువే అవుతుంది.

ఆ బంధుత్వం వట్టి మాట కాదు. ఇంగ్లండు రాజుకు విధేయతా ప్రమాణం చేయలేక అమెరికా ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయం వాళ్లు, విప్లవం తర్వాత సొంత దారి చూసుకున్నారు. 1784లో శామ్యూల్ సీబరీ స్కాట్లండు వెళ్లి అక్కడి బిషప్పుల చేత అభిషేకం పొందాడు, 1789లో ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది. మన వైపు చూస్తే, చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు 1841లో మచిలీపట్నంలో దిగారు. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సీఎస్ఐ, పుట్టింది. ఇవాళ సీఎస్ఐ, ఎపిస్కోపల్ చర్చి రెండూ ఆంగ్లికన్ కుటుంబంలోని సభ్యులే.

అందుకే కొడుకు దగ్గరికి వచ్చిన ఖమ్మం అమ్మకు ఇక్కడి ఆరాధన భాష తెలియకపోయినా వరస తెలుస్తుంది. పాపపు ఒప్పుకోలు ఎక్కడొస్తుందో, సువార్త చదివేటప్పుడు ఎందుకు లేచి నిలబడతారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రభు భోజనం దగ్గర మాత్రం కొంచెం తడబాటు తప్పదు. గిన్నెలో ఉండేది ద్రాక్షరసం కాదు, అసలు వైనే. వద్దనుకున్నవాళ్లు రొట్టె మాత్రం తీసుకోవచ్చు. చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకుని నిలబడితే ఆశీర్వదించి పంపుతారు.

ఇక్కడో ముచ్చటైన విషయం ఉంది. ఆరాధన మధ్యలో అందరూ లేచి, వరసలు దాటి వెళ్లి మరీ ఒకరికొకరు చేయి కలిపి సమాధానం, అంటే శాంతి, చెప్పుకుంటారు. కొత్తవాళ్లకు స్వాగతం తగిలే తొలి ఘడియ అదే. పాశ్చాత్య ప్రొటెస్టెంటు సంఘాల్లో ఈ అలవాటు ఒకప్పుడు మరుగున పడిపోయింది. సిరియన్ క్రైస్తవుల దగ్గర బతికున్న ఆ పద్ధతిని సీఎస్ఐ 1950లో తయారుచేసుకున్న ఆరాధన క్రమంలోకి తెచ్చుకుంది. ఆ క్రమాన్ని ప్రపంచమంతటా ఆరాధన పండితులు శ్రద్ధగా చదివారు. తర్వాత వచ్చిన సంస్కరణల మీద దాని ప్రభావం కనిపిస్తుంది. 1979 నాటి అమెరికా ప్రార్థనా గ్రంథంలోనూ సమాధానం చెప్పుకోవడం ఉంది. అంటే ఫార్మింగ్టన్ హిల్స్ పెద్దావిడ మన ఖమ్మం అమ్మకు చేయి చాపిందంటే, ఆ చేయి చాపడంలో దక్షిణాది వాటా కొంత ఉందన్నమాట.

అయితే చేయి కలపడంతో స్వాగతం పూర్తవదు. ఎపిస్కోపల్ సభ్యుల సంఖ్య 1960లలో 30 లక్షలు దాటింది, ఇప్పుడు సుమారు 15 లక్షలు. సగానికి పైగా పారిష్‌లలో, అంటే స్థానిక సంఘాల్లో, ఆదివారం హాజరు యాభై లోపే. పూర్తికాలపు పాస్టరుకు జీతం ఇవ్వలేని సంఘాలు ఎన్నో. తలలు నెరిసినవాళ్లు ఎక్కువ, పిల్లలు తక్కువ. ఇది బాధపడాల్సిన విషయమే, కాదనను. కానీ సంఘం చిన్నదవడంలో ఓ మంచి గుణం ఉంది. రెండు వేలమంది వచ్చే చర్చిలో ప్రేక్షకుడిగా ఏళ్లు గడిపేయొచ్చు. నలభై మంది వచ్చే చోట ఆ వీలు లేదు. వాక్యం చదివేదెవరు, బల్ల మీద గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేదెవరు, ఆరాధన తర్వాత కాఫీ కాచేదెవరు, జనవరిలో మెట్ల మీద మంచు ఎత్తిపోసేదెవరు? మూడో వారం వచ్చినవాడి మీద కళ్లు పడకుండా ఎలా ఉంటాయి!

పరిపాలన కూడా అంతే. మన దగ్గర పాస్టరు అయ్యగారికి బదిలీ ఉత్తర్వు బిషప్పు గారి నుంచి వస్తుంది. సంఘం దండ వేసి సాగనంపి, కొత్త అయ్యగారికి మరో దండ వేస్తుంది. ఇక్కడ సంఘమే తన పాస్టరును వెతుక్కుంటుంది. కమిటీ వేసి, ఇంటర్వ్యూలు చేసి, నెలల తరబడి ఆలోచించి బిషప్పు అనుమతితో పిలుస్తుంది. కట్టడం, డబ్బు, ఆస్తి చూసుకునేది వెస్ట్రీ. సంఘస్థులు తమలోంచే ఎన్నుకునే ఈ సభ దాదాపు మన పాస్టరేట్ కమిటీ లాంటిదే. మన కమిటీ ఎన్నికలకు ఉండే వేడి మాత్రం దీనికి లేదు. నిలబడమని బతిమాలాల్సిన పరిస్థితి.

సేవ సంగతికొస్తే, ఓక్లాండ్ కౌంటీలో 1980లలో మొదలైన సౌత్ ఓక్లాండ్ షెల్టర్ పద్ధతి చెప్పుకోదగ్గది. ఇల్లు లేనివాళ్ల కోసం పెద్ద భవనం కట్టకుండా ప్రార్థనా మందిరాలే వంతులు వేసుకున్నాయి. ఒక్కో వారం ఒక్కో చోట హాల్లో మంచాలు పరిచి, రాత్రి భోజనం వండి, మర్నాడు పనికి తీసుకెళ్లడానికి డబ్బా కట్టి ఇచ్చేవాళ్లు. రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి, తెల్లారి వాళ్లను బస్సుకో పనికో దించాలి. డబ్బు విరాళమిచ్చి చేతులు దులుపుకోవడం కుదరని సేవ ఇది. వారం పొడుగునా ఒకే కప్పు కింద తిని పడుకున్న మనిషి పేరు తెలియకుండా ఎలా పోతుంది? ఆ సంస్థే 2019లో మరో సంస్థతో కలిసి లైట్‌హౌస్‌గా మారింది.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య అడిగింది కూడా ఇలాంటిదే. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. మీరు ఆస్తులు పంచారు, త్యాగాలూ చేశారు, ఇక మాకు స్నేహం కావాలి అని తెల్లదొరల మొహం మీదే అన్నారు. చాలామందికి నచ్చలేదు. దానం చేసేవాడికి స్నేహం అడిగేవాడు కాస్త ఇబ్బందే మరి.

సీఎస్ఐకీ ఎపిస్కోపల్ చర్చికీ అన్నీ కలిసిపోతాయని చెప్పను. మిషిగన్ డయోసిస్‌కు 2020లో బిషప్పుగా అభిషేకం పొందిన బానీ పెర్రీ అక్కడ ఆ పదవికి వచ్చిన తొలి మహిళ. స్వలింగ వివాహం చేసుకున్న సంగతి ఆవిడ ఏనాడూ దాచలేదు. చాలా సీఎస్ఐ కుటుంబాలు ఈ రెండో విషయం దగ్గర ఆగిపోతాయి. మొదటిది మాత్రం మనకేమీ కొత్త కాదు. ఎగ్గోని పుష్పలలిత 2013లోనే నంద్యాల బిషప్పయ్యారు. మిషిగన్ కంటే నంద్యాల ఏడేళ్లు ముందుంది.

సంఘం మరీ తగ్గిపోతే ఏమవుతుందో కూడా ఈ ఊళ్లోనే కనిపిస్తుంది. ఫార్మింగ్టన్ హిల్స్ షియావాసీ రోడ్డులో సెయింట్ అలెగ్జాండర్ అనే కేథలిక్ చర్చి ఉండేది. ఆ ఆవరణలో ఇప్పుడు కేర్స్ అనే స్వచ్ఛంద సంస్థ అవసరంలో ఉన్నవాళ్లకు సరుకులు ఇస్తోంది. సంఘం తగ్గిపోతే కట్టడానికి అంతకంటే మంచి గతి ఉండదేమో. అయినా ఏ చిన్న పారిష్ కూడా ఆ దారి కోరుకోదు. ముందు కప్పు మరమ్మతు చేయించాలి, హీటింగు బిల్లు కట్టాలి, పేదల సరుకులకు కేటాయించిన మొత్తం తగ్గకుండా చూడాలి. ఇవన్నీ జనవరి వార్షిక సమావేశంలో ఓటుకు వస్తాయి. అక్కడ అందరూ తప్పించుకు తిరిగే కుర్చీ కోశాధికారిది. ఎక్సెల్ తెలిసిన తెలుగు ఇంజనీరు ఆ ఏడాది సభ్యత్వం తీసుకున్నాడో, కాఫీ కప్పు పట్టుకుని వెస్ట్రీ పెద్ద, అంటే వార్డెన్, నేరుగా అతని దగ్గరికే వస్తాడు.