వెడల్పాటి వెనుక టైరు (క్రూయిజర్ మోటారు సైకిలు)

క్రూయిజర్ మోటారు సైకిలుకు వెడల్పాటి వెనుక టైరు వేయడం అంటే, తయారీదారు అమర్చిన కొలతకంటే ఎక్కువ వెడల్పు గల టైరును వెనుక చక్రానికి బిగించడం. చూడడానికి ఇది మామూలు టైరు మార్పిడిలా కనిపించినా రిమ్ము, చైను, స్వింగ్ ఆర్మ్, మడ్ గార్డు, మలుపులలో బండి వంగే తీరు అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి. టైరు లావైతే రోడ్డుపై పట్టు పెరుగుతుందనే నమ్మకంతో చాలామంది ఈ మార్పు చేయిస్తారు. ఆ నమ్మకం చాలావరకు అపోహ. కొన్ని సందర్భాలలో పట్టు తగ్గుతుంది కూడా.

నేపథ్యం

తక్కువ ఎత్తు సీటు, ముందుకు చాచిన కాళ్ళు, ఎత్తైన హ్యాండిలు, బలిష్ఠంగా కనిపించే వెనుక చక్రం క్రూయిజర్ల లక్షణాలు. భారతదేశంలో బజాజ్ సంస్థ 2001లో ఎలిమినేటర్ అనే 175 సీసీ క్రూయిజర్‌ను, 2005లో దాని స్థానంలో అవెంజర్‌ను విడుదల చేసింది. అవెంజర్ 220 వెనుక టైరు కొలత 130/90-15. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో తెచ్చిన మీటియర్ 350కి 140/70-17 టైరు ఉన్నది. విదేశీ బండ్లలో ఈ మోజు మరీ ఎక్కువ. 2004 నాటి ట్రయంఫ్ రాకెట్ 3, 2006 నాటి సుజుకి ఎం1800ఆర్, 2018 నాటి హార్లీ డేవిడ్‌సన్ ఫ్యాట్ బాయ్ మూడింటికీ వెనుక టైరు వెడల్పు 240 మిల్లీమీటర్లు. అయితే ఆ బండ్ల ఫ్రేము, స్వింగ్ ఆర్మ్, రిమ్ము మొదటినుంచీ ఆ టైరు కోసమే రూపొందించబడినవి. వాటి బొమ్మ చూసి మన బండికి అదే రూపం తేవాలనుకున్నప్పుడు ఈ సంగతి మరుగున పడుతుంది.

కొలతలు

130/90-15 అనే కొలతలో 130 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 90 శాతం, అనగా 117 మి.మీ. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో, అనగా 381 మి.మీ. ఈ లెక్కన టైరు మొత్తం వ్యాసం 615 మి.మీ. కొలత పక్కన ఉండే 66పి వంటి గుర్తులో 66 అనగా ఆ టైరు 300 కిలోల బరువు మోయగలదని, పి అనగా గంటకు 150 కి.మీ. వేగం వరకు తగినదని అర్థం. కొత్త టైరుకు ఈ రెండూ పాతదానికంటే తక్కువ ఉండరాదు.

అవెంజర్‌కు ప్రత్యామ్నాయాలుగా తరచు వినిపించే రెండు కొలతలను పోల్చితే ఒక విచిత్రం కనబడుతుంది. 140/90-15 వ్యాసం 633 మి.మీ., 150/80-15 వ్యాసం 621 మి.మీ. అంటే వెడల్పు తక్కువైన 140 టైరే బండి వెనుక భాగాన్ని 9 మి.మీ. పైకి లేపుతుంది, 150 టైరు 3 మి.మీ. మాత్రమే లేపుతుంది. అందుచేత మొదటి సంఖ్యను మాత్రమే చూసి టైరు కొనడం తగదు. వ్యాసం పెరిగితే గేరు నిష్పత్తి కూడా ఆ మేరకు మారి, ఎత్తు ఎక్కేటప్పుడు బండి కొంచెం బరువుగా లాగుతుంది. స్పీడోమీటరు ముందు చక్రం నుండి నడిచే బండ్లలో వేగం చూపడంలో తేడా రాదు. ఏబీఎస్ ఉన్న బండ్లు మాత్రం రెండు చక్రాల వేగాన్ని పోల్చుతూ పనిచేస్తాయి కాబట్టి వాటిలో వ్యాసాన్ని మార్చకపోవడమే మంచిది.

రిమ్ము

ఈ మొత్తం వ్యవహారంలో కీలకమైనది రిమ్ము వెడల్పు. ప్రతి టైరుకూ తగిన రిమ్ము వెడల్పులను తయారీదారులు పట్టికలో ఇస్తారు. స్థూలంగా 130 టైరుకు 3 అంగుళాలు, 150 టైరుకు 3.5 అంగుళాల రిమ్ము సరిపోతుంది. లావు టైరును ఇరుకు రిమ్ముకు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, గుండ్రంగా ఉండవలసిన నడినెత్తి కోడిగుడ్డు కొనలా తేలుతుంది. అప్పుడు టైరు నడుమ భాగమే అరుగుతుంది, బండి మలుపులోకి ఒక్కసారిగా పడినట్లు వంగుతుంది. పైగా రిమ్ము అర అంగుళం ఇరుకైతే టైరు నిజ వెడల్పు సుమారు 5 మి.మీ. తగ్గిపోతుంది. డబ్బు పెట్టి కొన్న వెడల్పులో కొంత కంటికి కూడా కనబడదన్నమాట.

వెడల్పు రిమ్ము వేయించదలిస్తే స్పోకులు విప్పి కొత్తగా అల్లించి, బెండు తీయించాలి. సముద్రపు ఉప్పు గాలికి తుప్పు పట్టిన పాత స్పోకులను తిరిగి వాడరాదు. స్పోకు చక్రాలలో ట్యూబు ఉంటుంది కనుక ట్యూబు కూడా కొత్త టైరు కొలతకు తగినదై ఉండాలి.

ఖాళీ స్థలం

టైరు 20 మి.మీ. లావైతే ఒక్కొక్క పక్క 10 మి.మీ. చోటు తగ్గుతుంది. మొదట తగిలేది సాధారణంగా చైను లేదా చైను కవరు, తరువాత స్వింగ్ ఆర్మ్. చోటు చాలక చక్రాన్ని ఒక పక్కకు జరిపితే ముందు, వెనుక చక్రాలు ఒకే గీతలో ఉండవు. స్ప్రాకెట్‌ను జరిపితే చైను వంకరగా నడిచి త్వరగా అరిగిపోతుంది. మడ్ గార్డు కింద ఎంత ఖాళీ ఉన్నదో ఒంటరిగా నిలబెట్టిన బండి మీద కొలిస్తే చాలదు. వెనుక ఒకరు కూర్చుని, గోతిలో పడి షాకబ్సార్బర్లు పూర్తిగా దిగినప్పుడు మిగిలేదే అసలు ఖాళీ. ఒకే కొలత గల టైర్లు కూడా తయారీని బట్టి కొన్ని మి.మీ. తేడాతో ఉంటాయి.

పట్టు గురించిన అపోహ

రోడ్డును తాకే టైరు భాగపు వైశాల్యం ప్రధానంగా బరువు మీద, గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. వెనుక చక్రంపై 180 కిలోల బరువు, టైరులో 32 పౌండ్ల గాలి (చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు) ఉన్నదనుకుంటే ఆ వైశాల్యం దాదాపు 80 చదరపు సెంటీమీటర్లు. టైరు ఏదైనా ఇది పెద్దగా మారదు. దాని ఆకారమే మారుతుంది. సన్న టైరుకు నిడివిగా, లావు టైరుకు అడ్డంగా ఉంటుంది. అడ్డంగా ఉన్న ఆకారం నిలిచిన నీటిని చీల్చుకొని పోవడంలో వెనుకబడుతుంది. మలుపులో టైరు తాకే చోటు మధ్య గీత నుండి మరింత పక్కకు జరుగుతుంది కనుక అదే వేగంతో అదే మలుపు తిరగడానికి బండిని ఇంకాస్త ఎక్కువ వంచవలసి వస్తుంది. కాళ్ళు పెట్టుకునే రాడ్లు నేలకు దగ్గరగా ఉండే క్రూయిజర్‌కు ఇది చిన్న లోపం కాదు.

విశాఖపట్నంలో

ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. ఉన్న కంచరపాలెం నుండి బయలుదేరే చోదకునికి ఈ తేడా రెండు చోట్ల తెలుస్తుంది. మొదటిది, ఓడరేవు వైపు లారీలు తిరిగే రోడ్లు. అక్కడి ధూళి తొలకరి జల్లుకు జారుడు పొరగా మారుతుంది. రెండవది కొండ దారులు: ఊరి అంచునే ఉన్న సింహాచలం ఘాట్, శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా అరకులోయకు పోయే ఘాట్. తిన్నని జాతీయ రహదారిపై గాజువాక వైపు వెళ్ళేటప్పుడు స్థిరంగా, హాయిగా అనిపించిన బండి ఈ వరుస మలుపులలో మొండికేస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాను వానలలో ఘాట్ ఎక్కేవారు సంస్థ ఇచ్చిన కొలతకే కట్టుబడడం మేలు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 జనవరి 9న కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీం కోర్టు ఈ సెక్షనును కచ్చితంగా అమలు చేయవలసినదేనని తీర్పు చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించింది. బీమా సంస్థకు తెలుపని మార్పు ప్రమాదానంతరం పరిహారం దగ్గర వివాదం కావచ్చును. రిమ్ము, స్వింగ్ ఆర్మ్ మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.

బిగించిన తరువాత

కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వంచడం, గట్టిగా బ్రేకు వేయడం మానుకోవాలి. వారం తరువాత చైను పక్కన, మడ్ గార్డు లోపల రాపిడి గీతలు ఉన్నాయేమో చూడాలి. టైరు పక్కగోడపై మెరిసే గీత ఒక్కటి కనిపించినా పాత టైరును తిరిగి ఎక్కించడమే సరైనది. కనుక పాతదాన్ని అంతవరకు అమ్మకుండా ఉంచుకోవాలి.