దెబ్బతిన్న మనిషికి పరిహారం

ఒక ఆడమనిషి మీద దాడి జరిగింది. కత్తి దెబ్బ తగిలింది. ఆసుపత్రికి అప్పు చేశారు. మూడు నెలలు కూలి పోయింది. వాయిదా వాయిదాకీ బస్సు ఛార్జీలు. చివరికి కొట్టినవాడు జైలుకి వెళ్ళాడు. మరి ఆమె అప్పు ఎవరు తీరుస్తారు?

పూర్వం కూడా కోర్టు పరిహారం ఇప్పించేది. ముద్దాయి కట్టిన జరిమానాలోంచి ఇప్పించేది. ముద్దాయి దగ్గర డబ్బు లేకపోతే? కేసు కొట్టేస్తే? ఆమె ఉత్త చేతులతో ఇంటికి పోవలసిందే.

2009 డిసెంబరు 31 నుండి చట్టం మారింది. బాధితుల కోసం ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టాలి, డబ్బు కేటాయించాలి అని చట్టం చెప్పింది. 2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటిలోనూ ఈ హక్కు ఉంది.

వాకపల్లి మహిళల కేసు

పాడేరు కొండల్లో, జి. మాడుగుల మండలంలో వాకపల్లి అనే ఊరుంది. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి ఆదివాసీ మహిళలు 11 మంది చెప్పారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. విచారణ జరగాల్సిందేనని 2017లో ఆ కోర్టు చెప్పింది.

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు ఇచ్చింది. 13 మంది పోలీసులను విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది. ఆ మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

దాదాపు 16 ఏళ్ళు ఆ మహిళలు నిలబడ్డారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ బాధ డబ్బుతో తీరేది కాదు. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ముద్దాయి విడుదలైనా బాధితులకు పరిహారం ఇప్పించవచ్చు.

ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలు

నేరం చేసినోడు ఎవరో తెలీదు. అయినా అడగొచ్చా?
అడగొచ్చు. మనిషి చనిపోతే ఆ మనిషి మీద ఆధారపడ్డవాళ్ళు అడగొచ్చు.

ఎవర్ని అడగాలి?
జిల్లా న్యాయ సేవాధికార సంస్థను. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కోర్టు దగ్గర అడిగితే చూపిస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

వకీలుకి డబ్బులెక్కడివి?
ఆడవాళ్ళకు ఆ సంస్థే ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయం ఎంత అని చూడరు.

ఎంత ఇస్తారు?
నేరాన్ని బట్టి, నష్టాన్ని బట్టి ఉంటుంది. మహిళల కోసం 2018లో వచ్చిన పథకంలో అత్యాచారానికి 4 లక్షల నుండి 7 లక్షల రూపాయలు అని ఉంది. అవసరమైతే కొంత ముందుగానే ఇస్తారు.

వైద్యానికి డబ్బు కట్టాలా?
అత్యాచారం జరిగినా, యాసిడ్ పోసినా ప్రతి ఆసుపత్రీ వెంటనే ఉచితంగా చూడాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే.

ఎప్పటిలోగా అడగాలి?
నేరం జరిగిన నాటి నుండి గాని, విచారణ ముగిసిన నాటి నుండి గాని 3 ఏళ్ళలోపు. ఆలస్యమైతే కారణం చెప్పుకోవచ్చు.

పోలీసు స్టేషనులో ఇచ్చిన ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి కాగితాలు పదిలంగా దాచాలి. దరఖాస్తు మీద వేలిముద్ర వేసే రోజులు పోయాయి. ముందు చదవండి. తర్వాత సంతకం పెట్టండి. ఒక నకలు మీ దగ్గరే ఉంచుకోండి.