మీకు తెలుసా? పిన్నులు తీసిన రోజు గాయానికి పదో వంతు బలమే

ఆపరేషన్ కోతకు వేసిన స్టేపుల్ పిన్నులు తీసే నాటికి, అంటే సుమారు రెండు వారాలకు, అక్కడి చర్మానికి మామూలు బలంలో దాదాపు పదో వంతే ఉంటుంది. మూడు నెలలకు 80 శాతం దాకా చేరుతుంది. పూర్తి బలం ఎన్నటికీ రాదు. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో మోకీలు మార్పిడి చేయించుకుని ఊరికి తిరిగి వెళ్లేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. మొదటి వారాల్లో కోత పొడవునా చర్మం కింద తాడులా గట్టిగా తగిలితే కంగారు వద్దు. కొత్త కొల్లాజెన్ పడుతోందని అర్థం, అది మంచి గుర్తే. ఎరుపు రోజురోజుకూ పక్కలకు పాకినా, చీము పట్టినా, అంచులు విడినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పొట్ట మీది కోత నుంచి ఉన్నట్టుండి గులాబీ రంగు నీరు ఎక్కువగా కారితే లోపలి పొర విడిపోతూ ఉండొచ్చు. అప్పుడు గంట కూడా ఆగకూడదు.