పెరటి చెట్టు మందగునా?

“పెరటి చెట్టు మందుకు పనికిరాదు” అను సామెతను మన పెద్దలు తరచుగా చెప్పుచుందురు. చేరువనున్న వస్తువును చులకనగా జూచు మానవ స్వభావమును ఎత్తిపొడుచుటకే ఈ సామెత పుట్టినది. నేడు తలనొప్పి వచ్చినంతనే అంగడికి పోయి మాత్ర తెచ్చి మ్రింగుట మనకు అలవాటైనది. అందేమున్నదో, ఎన్ని మ్రింగవచ్చునో అడుగువారు అరుదు. మరియొక వైపున “ఆకుమందు గదా, హాని యేమి?” అని ఎవరేమి యిచ్చినను త్రాగువారును కలరు. ఈ రెండు త్రోవలును క్షేమకరములు కావు. మన యింట నున్న మూలికలలో నొప్పిని తగ్గించునవి యేవి, అవి ఎంతవరకు పనిచేయును, ఎచ్చట ఆగి వైద్యునికడ కేగవలెను అను విషయములను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట మాత్ర సంగతి. దెబ్బ తగిలిన చోట, వాచిన చోట మన శరీరము ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములను పుట్టించును. అవి నాడుల కొసలను సున్నితములుగా జేసి నొప్పిని హెచ్చించును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మందులు ఆ పదార్థములు పుట్టకుండ అడ్డగించును. ఈ రహస్యమును 1971లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ వెల్లడించి, 1982లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. ఐతే ఈ పదార్థములే కడుపు లోపలి పొరను కాపాడుటకును, మూత్రపిండములకు రక్తము చక్కగా ప్రసరించుటకును తోడ్పడుచున్నవి. కావుననే ఈ మాత్రలను నెలల తరబడి వాడువారిలో కొందరికి కడుపులో పుండ్లు, రక్తస్రావము, మూత్రపిండముల చెరుపు కలుగుచున్నవి. పారాసిటమాల్ కడుపును అంతగా బాధింపదు. కాని మోతాదు మించినచో కాలేయమును చెరచును. ఆరోగ్యవంతులైన పెద్దలు సైతము దినమునకు 4 గ్రాములు దాటరాదు.

మాత్రకును చెట్టుకును పుట్టుపగ లేదు. 1763లో ఇంగ్లండునందు ఎడ్వర్డ్ స్టోన్ అను మతాచార్యుడు విల్లో చెట్టు పట్ట జ్వరములను తగ్గించుచున్నదని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆ పట్టలోని పదార్థమునకు దగ్గరి చుట్టమైన ఆస్పిరిన్‌ను 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీ ప్రయోగశాలలో శుద్ధమైన రూపమున తయారుచేసిరి.

మన ఆయుర్వేదము నొప్పిని గూర్చి ఏమి చెప్పినది? చరకసంహిత సూత్రస్థానమున నాలుగవ అధ్యాయమునందు మూలికలు పదేసి చొప్పున ఏబది వర్గములుగా చెప్పబడినవి. వానిలో శూలప్రశమనము అనునది ఒక వర్గము. పిప్పలి, శొంఠి, మిరియము, చిత్రమూలము, జీలకర్ర మొదలైనవి అందు చేరినవి. ఒళ్లునొప్పులకు అంగమర్దప్రశమనము అను వేరొక వర్గము కలదు. అనగా మన ప్రాచీనులు నొప్పులన్నిటిని ఒక్కటిగా నెంచక, ఏ నొప్పి ఎందువలన వచ్చినదో విచారించి మందు నిర్ణయించిరి. ప్రతి నొప్పికి ఒకే మాత్రను వాడుచున్న మనకు ఇది గమనింపదగిన పాఠము.

ఇక మనకు పరిచయమైన నాలుగు మూలికలను పరిశీలింతము.

శొంఠి: ఎండిన అల్లమే శొంఠి. దీనిని సానమీద నీటితో అరగదీసి తలనొప్పికి నుదుట పట్టు వేయుదురు. మంట హెచ్చినచో వెంటనే కడిగివేయవలెను, కన్నులలో పడనీయరాదు. బాలికలకు నెలసరి సమయమున వచ్చు పొత్తికడుపు నొప్పికి, మొదటి మూడు నాలుగు దినములు దినమునకు సుమారు 1 మొదలు 2 గ్రాముల వరకు శొంఠిపొడిని పుచ్చుకొనినచో ఉపశమనము కలుగునని పలు వైద్య పరీక్షలలో తేలినది. ఈ నొప్పి సిగ్గుపడి దాచుకొనవలసినది కాదు. తల్లులు అడిగి తెలిసికొనవలెను. బడికి పోలేనంతగా బాధించినచో వైద్యురాలికి చూపవలెను.

వావిలి: వాగుల యొడ్డున, చేల గట్లమీద పెరుగు ఈ పొదకు అరచేతి వ్రేళ్లవలె విడివడిన ఆకులును, ఊదారంగు పూలును ఉండును. వావిలాకు కాచిన నీటితో బాలింతలకు స్నానము చేయించుట మన యిండ్లలో ఎరిగినదే. ఆకులను వెచ్చజేసి మూటగట్టి నడుమునకు, మోకాళ్లకు కాపడము పెట్టుదురు. దీనికి నొప్పిని, వాపును తగ్గించు గుణము కలదని జంతువులపై చేసిన ప్రయోగములు చూపుచున్నవి. మనుష్యులపై పెద్ద పరీక్షలు జరుగవలసి యున్నది. కాపడము వలని వెచ్చదనము కూడ ఉపశమనమునకు ఒక కారణమే. పైపూతగా, కాపడముగా వాడుటయే మనకు క్షేమము.

లవంగము: పంటినొప్పికి లవంగమును మించిన ఇంటిమందు లేదు. ఇందలి యూజినాల్ అను పదార్థము నాడులను కొంతసేపు మొద్దుబార్చును. దంతవైద్యులు సైతము దీనిని జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటి రంధ్రములను తాత్కాలికముగ పూడ్చుటకు వాడుదురు. ఒక లవంగమును నొప్పియున్న పంటిక్రింద నుంచుకొనిన చాలును. లవంగనూనెను హెచ్చుగా పోసినచో చిగుళ్లు పొక్కును. పసిపిల్లలు మ్రింగినచో ప్రాణాపాయము. నొప్పి తగ్గినంత మాత్రమున పుచ్చిన పన్ను బాగుపడినట్లు కాదు.

పసుపు: ఇందలి కర్క్యుమిన్ మోకాళ్ల కీళ్లనొప్పిని కొంత తగ్గించునని అనేక పరీక్షలు తెలుపుచున్నవి. కాని ఆ పరీక్షలలో వాడినది పసుపునుండి వేరుచేసిన సారమే గాని కూరలో వేయు చిటికెడు పసుపు కాదు. కర్క్యుమిన్ రక్తములోనికి చేరుట కష్టము. మిరియములోని పైపెరిన్‌ను తోడు చేర్చినచో అది ఇరువది రెట్లు హెచ్చుగా చేరునని 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ప్రకటించిరి. పైపెరిన్ ఇతర మందులను కూడ కొన్నిటిని హెచ్చుగా లోనికి చేర్చగలదు. కావున రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు, పిత్తాశయమున రాళ్లు గలవారు వైద్యుని అడుగక ఈ సారమును పుచ్చుకొనరాదు.

మన వంటి వారికి ఇచ్చట మరియొక చిక్కు కలదు. హోసూరు ప్రాంతమున ఇంట తెలుగు, అంగడిలో తమిళము, సంతలో కన్నడము వినబడును. అవ్వ వావిలి యనును. నాటుమందుల అంగడివాడు నొచ్చి యనును. కన్నడిగుడు లక్కి యనును. మహారాష్ట్రుడు నిర్గుడి యనును. చెట్టు ఒక్కటే. అట్లే పేరొక్కటిగా తోచి వస్తువు వేరగుటయు కలదు. మనకు శొంఠి యనగా ఎండినదే. కన్నడమున శుంఠి యనిన పచ్చి అల్లము కూడ నగును. తెలుగున తిప్పతీగ యనునది ఒక తీగ. తమిళమున తిప్పిలి యనునది పిప్పలి. అవ్వ చెప్పిన పేరును సగము విని అంగడికి పోయిన బాలుడు వేరొక మందును తెచ్చుట ఎంత సులభము!

ఇట్టి పొరపాట్లు నవ్వులాటలు కావు. కరోనా కాలమున ప్రజలు విరివిగా తిప్పతీగ కషాయమును త్రాగిరి. అట్లు త్రాగినవారిలో ఆరుగురికి కాలేయము చెడినదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిరి. అసలు తిప్పతీగకు మారుగా దానిని పోలిన వేరొక తీగను వాడి యుండవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ బదులు చెప్పెను. వాదము ఎట్లు తేలినను, మనము నేర్వవలసినది స్పష్టమే: గుర్తెరుగని తీగను కాచి త్రాగరాదు, గుర్తెరిగిన దానినైనను నెలల తరబడి వైద్యుని అడుగక వాడరాదు.

కీళ్లనొప్పుల మందులలో చేరు వత్సనాభి, ముషిణి అనునవి ఘోరమైన విషములు. శాస్త్రోక్తముగ శుద్ధి చేసిన పిమ్మటనే వైద్యులు వానిని వాడుదురు. ఇంట ముట్టరాదు. సంతలలో పేరులేని పొట్లములలో అమ్ము కీళ్లనొప్పుల పొడులలో స్టెరాయిడ్లు కలిపిన ఉదాహరణములు పలుమారులు బయటపడినవి. ఒక్క దినములో నొప్పి మాయమైనచో సంతోషింపక సందేహింపవలెను. కొనునప్పుడు చీటీమీద లైసెన్సు సంఖ్య, అందలి వస్తువుల పట్టిక, గడువు తేదీ ఉన్నవేమో చూడవలెను.

కొన్ని నొప్పులకు ఇంటిమందు వాడుచు కాలము గడుపరాదు. గుండెలో నొప్పి, జ్వరముతో మెడ బిగిసిన తలనొప్పి, కడుపు కుడివైపు క్రింది భాగమున నిలుకడగా హెచ్చు నొప్పి — ఇవి కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారములకు పిల్లల కీళ్లు వాచి జ్వరము వచ్చినచో, అది గుండె కవాటములను చెరచు వ్యాధి కావచ్చును. వావిలాకు కాపడముతో తృప్తిపడరాదు. డెంగీ అను అనుమానమున్నచో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలను మ్రింగరాదు, రక్తస్రావము కలుగవచ్చును.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటి పెద్దవారి దగ్గర కూర్చుండి, వారెరిగిన పది మూలికల పేర్లను ఒక పుస్తకమున వ్రాయుడు. తెలుగు పేరు ప్రక్కన ఈ యూరి భాషలోని పేరును వ్రాయుడు. ఆకును ఎండబెట్టి అంటింపుడు. దేనికి వాడుదురో, ఎంత వాడుదురో, ఎవరికి ఈయరాదో అడిగి చేర్పుడు. పిమ్మట ఆ పుస్తకమును పట్టభద్రుడైన ఆయుర్వేద వైద్యునికి చూపి తప్పులు దిద్దించుకొనుడు. అవ్వతో పాటు ఆ పేర్లు పోయినచో, ఆ మొక్కలు వాకిటనే యున్నను మనకు కలుపుమొక్కలే యగును. పెరటి చెట్టు మందగును; ఐతే ఆ చెట్టును, దాని మోతాదును, దాని హద్దును ఎరిగినవారికే యగును.