అల్లరికీ ఏడీహెచ్‌డీకీ తేడా ఎలా తెలుస్తుంది?

నాన్నకో అమ్మకో బదిలీ అయితే మనకు బడి, స్నేహితులు, ఒక్కోసారి చుట్టూ వినిపించే భాష కూడా మారిపోతాయి. కొత్త తరగతిలో కొన్నాళ్లు పాఠం బుర్రకెక్కదు. ఒకరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు, ఇంకొకరు బెంచీ మీద కుదురుగా ఉండలేరు. అప్పుడు ఎవరైనా "ఈ అబ్బాయికి ఏడీహెచ్‌డీ ఉందేమో" అంటే ఇంటిల్లిపాదికీ కంగారే.

ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం, ముందువెనుకలు ఆలోచించకుండా తొందరపడటం. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఇబ్బంది. మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. అందుకే పిల్లల్ని రోజూ చూసేవారిని ప్రశ్నావళి ద్వారా అడుగుతారు.

ఇలాంటి వాటిలో వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి ఒకటి. ఇది 6 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం. తల్లిదండ్రులకు ఒకటి, ఉపాధ్యాయులకు ఒకటి ఉంటుంది. మొదటి 18 ప్రశ్నల్లో 9 శ్రద్ధ గురించి, 9 అతి చురుకుదనం, తొందరపాటు గురించి. వస్తువులు పోగొట్టుకుంటారా? ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తారా? తమ వంతు వచ్చేదాకా ఆగలేరా? ఎప్పుడూ లేదంటే 0, అప్పుడప్పుడు అయితే 1, తరచుగా అయితే 2, చాలా తరచుగా అయితే 3. లెక్కలోకి వచ్చేవి 2, 3 మాత్రమే. ఒక వర్గంలోని తొమ్మిదింటిలో ఆరు అలా వచ్చి, చదువుకో స్నేహాలకో ఇబ్బంది కలుగుతుంటే డాక్టరు మరింత లోతుగా పరిశీలిస్తారు.

ఉపాధ్యాయుల పత్రంలో ఇంకో ప్రశ్న ఉంటుంది: ఈ విద్యార్థిని మీరు ఎన్ని వారాలుగా లేదా నెలలుగా గమనిస్తున్నారు? బదిలీ పిల్లలమైన మనకు ఇది చాలా ముఖ్యం. రెండు వారాల పరిచయంతో ఎవరి స్వభావమూ తెలియదు. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా, 12 ఏళ్లలోపే మొదలయ్యాయా అని కూడా డాక్టర్లు చూస్తారు. కొత్త ఊరికి వచ్చాకే మొదలైన పరధ్యానానికి భాష అర్థం కాకపోవడమో, పాత స్నేహితుల మీద బెంగో కారణం కావచ్చు. చూపు, వినికిడి, నిద్ర కూడా సరిచూసుకోవాలి.

దీనికి రెండో వైపూ ఉంది. నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు బడి మారినప్పుడల్లా "కొత్త కదా, సర్దుకుంటారులే" అని వదిలేస్తే ఏళ్లు గడిచిపోతాయి. అల్లరి చేయకుండా, ఊహల్లో మునిగిపోయే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎవరి దృష్టిలోనూ పడరు. అందుకే బదిలీ అయినప్పుడు టీసీతో పాటు ప్రగతి పత్రాలు, పాత టీచర్లు రాసిన అభిప్రాయాలు కూడా భద్రంగా వెంట తెచ్చుకోవాలి. పాత బడిలోనూ ఇలాగే ఉండేదా అన్నది డాక్టరుకు వాటి ద్వారా తెలుస్తుంది.

ప్రశ్నావళి జల్లెడ లాంటిది. ఎవరిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలో చెబుతుంది, అంతే. ఏడీహెచ్‌డీ అని తేలితే ముందు బెంచీలో చోటు, పనిని చిన్న భాగాలుగా చేసి ఇవ్వడం, పెద్దలకు శిక్షణ, అవసరమైతే మందులు సాయపడతాయి. ఆ నిర్ణయం డాక్టరుది. పక్క బెంచీ వారికి పేర్లు పెట్టకుండా ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.